పట్టు ఎన్ని సెకన్లు నిలిచింది? కదలని కసరత్తుకు సమయం సరిగ్గా కొలిచే పద్ధతి

ఒడిశాలోని మా బరంపురంలో పట్టు అనగానే ఎవరికైనా చీర గుర్తొస్తుంది. మా తాలింఖానాలో, అంటే వ్యాయామశాలలో మాత్రం ఆ మాటకు ఇంకో అర్థం ఉంది. ఒంటిని ఒక భంగిమలో బిగించి, కదలకుండా నిలపడం. ప్లాంక్, ఎల్-సిట్ (చేతుల మీద ఒళ్ళు లేపి, కాళ్ళు ముందుకు చాపి నిలపడం), బార్‌కి వేలాడడం, చేతుల మీద తలకిందులుగా నిలబడడం, అన్నీ పట్టులే. దండీలు, బస్కీలు ఎన్ని తీశామో లెక్కపెట్టుకోవచ్చు. పట్టుకు ఉన్న లెక్క సెకన్లొక్కటే.

2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో వెయిట్‌లిఫ్టింగ్ బంగారు పతకం తెచ్చిన కె. రవికుమార్ మా ఊరివాడే. అందుకే ఇక్కడి పిల్లలకు ఇనుము విలువ వేరే చెప్పక్కర్లేదు. రెండున్నర కిలోల ప్లేటు బరంపురంలోనైనా ఢిల్లీలోనైనా రెండున్నర కిలోలే. ఒంటి బరువుతో కసరత్తు చేసేవాళ్ళకు ప్లేట్లుండవు, సెకన్లే ప్లేట్లు. అవి తప్పుగా లెక్కపెట్టుకుంటే దొంగ తూకపురాళ్ళతో బియ్యం కొనుక్కున్నట్టే. నష్టపోయేది మనమే, పైగా ఆ సంగతి మనకు తెలియదు.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం మా మేనల్లుడు. పోయిన వానాకాలంలో ఓ రోజు పొద్దున్నే వచ్చి, "మావయ్యా, ఎల్-సిట్ ముప్పై సెకన్లు పట్టేను" అన్నాడు. అబద్ధమాడే పిల్లాడు కాదు. స్టాప్‌వాచ్ చూపించాడు, నిజంగానే 30 ఉంది. పక్కవాడు తీసిన వీడియో పెట్టి చూశాం. మొదటి 4 సెకన్లు కాళ్ళు పైకి లేపడానికే పోయాయి. చివరి 9 సెకన్లలో మడమలు అంగుళం అంగుళం కిందికి జారిపోతున్నాయి. కాళ్ళు తిన్నగా, నేలకు సమాంతరంగా ఉన్నది మధ్యలో 17 సెకన్లే. గడియారం తప్పు చెప్పలేదు. ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో దానికి మేమే చెప్పలేదు. కొలతలో తొంభై పాళ్ళు ఆ హద్దుల్లోనే ఉంది. అందుకే అక్కణ్ణించే మొదలుపెడతాను.

మొదటి అడుగు: హద్దులు రాసుకోవడం

కసరత్తుకు దిగకముందే ప్రతి పట్టుకూ రెండు వాక్యాలు రాసుకోండి. ఏ క్షణంలో గడియారం మొదలవుతుంది, ఏది జరిగితే ఆగిపోతుంది. పట్టులో ఉన్నప్పుడు ఈ తీర్పు చెప్పుకోకూడదు. ఒళ్ళు వణుకుతున్నప్పుడు మనసు తనకు అనుకూలమైన తీర్పే చెబుతుంది.

ప్లాంక్: ముంజేతులు, కాలివేళ్ళు మాత్రమే నేలకు ఆనాలి. రెండో మోకాలు లేచి, నడుము వరసలోకి వచ్చిన క్షణం మొదలు. నడుము కిందికి వాలినా, పిరుదులు పైకి లేచినా అక్కడితో సరి. కంటితో ఇది తేల్చడం కష్టం కాబట్టి వీపు మీద నిలువునా ఒక కర్ర పెట్టండి. తల వెనుక, భుజాల రెక్కల మధ్య, నడుము దిగువ తోకెముక దగ్గర, మూడు చోట్లా అది తగలాలి. ఏ ఒక్కచోట విడిపోయినా, కర్ర దొర్లినా గడియారం ఆపాలి. ఇంట్లో చీపురుకర్ర చాలు.

హాలో హోల్డ్: వెల్లకిలా పడుకుని చేతులూ కాళ్ళూ నేలకు కాస్త పైన నిలిపే పట్టు. ఇందులో ప్రాణమంతా నడుము నేలకు అతుక్కుని ఉండడంలోనే. నడుము కింద గమ్‌ఛా (తుండుగుడ్డ) పరిచి, కొసను పక్కవాడి చేతికివ్వండి. మెల్లగా లాగుతూ ఉండమనండి. గమ్‌ఛా జారి వచ్చేస్తే పట్టు తెగినట్టే. ఇంత నిక్కచ్చి న్యాయాధికారి ఇంకొకరు దొరకరు.

ఎల్-సిట్: రెండు కుర్చీల మధ్య, మీ పిరుదుల ఎత్తుకు సరిగ్గా ఒక దారం కట్టండి. రెండు మడమలూ దారం పైకి వెళ్ళి, మోకాళ్ళు వంగకుండా తిన్నగా చాచుకుని, కదలిక ఆగాక మొదలు. మడమ దారాన్ని తాకితే ముగింపు. మోకాలు వంగినా ముగింపే.

బార్‌కి వేలాడడం: పాదాలు స్టూలును వదిలిన క్షణం మొదలు, ఒక చెయ్యి వదిలినా పాదం దేనికైనా తగిలినా ముగింపు. బొటనవేలు బార్ చుట్టూ ఉంటుందా, మిగతా వేళ్ళతో పాటు పైనే ఉంటుందా అన్నది ముందే నిర్ణయించుకుని ఎప్పుడూ అలాగే పట్టండి. రెండూ ఒకే కసరత్తు కావు. ఇటు గంజాం, అటు శ్రీకాకుళం జిల్లాల్లో ఆర్మీ ర్యాలీకి సిద్ధమయ్యే పిల్లలు ఎందరో ఉన్నారు. అక్కడ బీమ్ మీద పది పుల్లప్స్ తీస్తే పూర్తి మార్కులు. ఏడో ఎనిమిదో దగ్గర చేతివేళ్ళు వదిలేసేవాళ్ళకు ఈ వేలాడే పట్టే మందు. కాబట్టి ర్యాలీలో ఎలా పట్టుకుంటారో ఇక్కడా అలాగే పట్టుకోండి.

గడ్డం బార్ పైన నిలిపే పట్టుకు ఒకటే షరతు. గడ్డం బార్‌ను తాకకూడదు. తాకితే బరువు అక్కడికి పోతుంది.

చేతుల మీద నిలబడడం: గోడ నుంచి రెండో పాదం కూడా విడివడి, రెండు కాళ్ళూ కలిశాక మొదలు. అరచెయ్యి చోటు మారిందంటే అయిపోయినట్టే. చేతులతో అడుగులేస్తూ తిరగడం మంచి విద్యే గానీ అది వేరే లెక్క.

ఫ్రంట్ లివర్ (బార్‌కి వేలాడుతూ ఒంటిని వెల్లకిలా నేలకు సమాంతరంగా నిలపడం), ప్లాంష్ (చేతుల మీద ఒంటిని బోర్లా నేలకు సమాంతరంగా నిలపడం) లాంటి కష్టమైన పట్టుల్లో జిమ్నాస్టిక్స్ న్యాయనిర్ణేతల పద్ధతి గుర్తుపెట్టుకోవాలి. రింగ్స్ మీద బలప్రదర్శన పట్టు కనీసం 2 సెకన్లు నిలవాలి. భంగిమలోకి వచ్చిన క్షణం నుంచి కాదు, అక్కడ ఒళ్ళు పూర్తిగా ఆగిన క్షణం నుంచి లెక్క. ఊగుతూ గీత దాటి వెళ్ళినదాన్ని పట్టు అనరు. మనకు కూడా ఇదే నియమం: ఆగాకే మొదలు.

రెండో అడుగు: గడియారం ఎవరి చేతిలో

పక్కన మనిషి ఉంటే అంతకన్నా మంచిది లేదు. అతన్ని కాపరి అందాం. కాపరికి రెండే పనులు, హద్దులు చూడడం, మీట నొక్కడం. "ఇంకా లాగు, ఇంకా లాగు" అని అరిచేవాడు హద్దులు చూడలేడు. ప్రోత్సాహం వేరేవాళ్ళకు వదిలెయ్యాలి. పట్టులో ఉన్నవాడికి సెకన్లు చెప్పకూడదు కూడా. "ఇరవై ఎనిమిది" అని వినబడగానే ముప్పై దాకా ఎలాగోలా ఈడ్చడానికి నడుము వంచేస్తారు. నేనూ చేశాను, అందరూ చేస్తారు.

ఇక్కడ కాస్త సూక్ష్మం ఉంది. కంటితో చూసి వేలితో నొక్కడానికి మనిషికి సుమారు సెకనులో నాలుగో వంతు పడుతుంది. కాపరి మొదలును చూసి నొక్కాడు, పావు సెకను ఆలస్యం. ముగింపును కూడా చూసి నొక్కాడు, అక్కడా పావు సెకను ఆలస్యం. ఒకదానికొకటి కొట్టుకుపోతాయి, కొలత దాదాపు సరిగ్గానే ఉంటుంది. అదే కాపరి "మూడు, రెండు, ఒకటి" అని లెక్కపెట్టి తనే మొదలుపెట్టించాడనుకోండి. మొదట్లో ఆలస్యం ఉండదు. చివర్లో మాత్రం ఉంటుంది. ప్రతిసారీ మీ ఖాతాలో పావు సెకను ఉచితంగా పడుతుంది. పరుగుపందేల్లో ఇలాంటి సంగతే తిరగేసి జరుగుతుంది. తుపాకి శబ్దానికి నొక్కడం ఆలస్యమవుతుంది, గీత దగ్గరికి మనిషి రావడం ముందే కనిపిస్తుంది కాబట్టి అక్కడ సరిగ్గా నొక్కుతారు. అందుకే 100 మీటర్ల పరుగులో చేతి గడియారం సమయాన్ని ఎలక్ట్రానిక్ సమయంతో పోల్చేటప్పుడు 0.24 సెకన్లు కలపడం ఆనవాయితీ.

కాబట్టి నియమం ఇది. మొదలూ ముగింపూ ఒకే మనిషి, ఒకే తీరుగా, చూసి నొక్కాలి. నెల తర్వాత మళ్ళీ పరీక్షించేటప్పుడు కూడా ఆ మనిషే ఉంటే మరీ మంచిది.

ఈ పావు సెకను ఎంత పట్టించుకోవాలి? నలభై సెకన్ల ప్లాంక్‌లో అసలు పట్టించుకోనక్కర్లేదు. మూడు సెకన్ల ప్లాంష్‌లో అది పన్నెండో వంతు. పట్టు ఎంత చిన్నదైతే కొలత అంత కచ్చితంగా ఉండాలి. ఐదు సెకన్లలోపు పట్టులకు చేతి గడియారాన్ని నమ్మకండి, వీడియో తీయండి.

మూడో అడుగు: ఒక్కరే ఉన్నప్పుడు

తెల్లవారి నాలుగున్నరకు మీతోపాటు లేచేవాళ్ళు ఇంట్లో ఉండకపోవచ్చు. చేతులు రెండూ బార్ మీదుంటే మీట నొక్కేదెవరు? నాకు తెలిసినంతలో అన్నిటికన్నా మంచి ఉపాయం ఫోన్‌లోని వాయిస్ రికార్డర్. దాన్ని ముందే నడవనిచ్చి, పక్కన పెట్టండి. భంగిమ ఆగిన క్షణంలో "పట్టు" అనండి. తెగిన క్షణంలో "విడుపు" అనండి. తర్వాత తీరిగ్గా విని రెండు మాటల మధ్య సమయం చూసుకోండి. శబ్దం గీతలుగా కనిపించే యాప్ అయితే ఆ రెండు మాటలూ రెండు శిఖరాల్లా కనిపిస్తాయి. కళ్ళు ఎటూ తిప్పక్కర్లేదు, మెడ వంచక్కర్లేదు. ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టడం మాత్రం మరవకండి. మధ్యలో ఫోన్ మోగితే రికార్డింగ్ ఆగిపోతుంది.

గడియారం చూస్తూ పట్టు పట్టే అలవాటు వద్దు. ప్లాంక్‌లో తలెత్తి గోడ గడియారం చూస్తే మెడతోపాటు నడుము కూడా వాలుతుంది. చెవితోనే కొలవాలి. నిమిషానికి 60 దెబ్బలు కొట్టే మెట్రోనోమ్ యాప్‌లు ఉచితంగా దొరుకుతాయి. దెబ్బకొక సెకను. లక్ష్యం ముందే తెలిసిన రోజుల్లో, అంటే ఎనిమిది సెకన్లు చొప్పున చెయ్యాలనుకున్నప్పుడు, కౌంట్‌డౌన్ టైమర్ హాయి. దానికి సిద్ధమయ్యే వ్యవధి పది సెకన్లు పెట్టుకోండి. ఐదు చాలదు, బార్ అందుకునేసరికే అయిపోతుంది. గంట మోగిన తర్వాత కూడా భంగిమ కుదరకపోతే ఆ సెట్టును లెక్కలో వెయ్యకండి.

ఫోన్‌లో చార్జింగ్ లేకపోతే? 2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. ఆ తర్వాత కరెంటు లేని రోజుల్లో మేం లోలకం కట్టుకున్నాం. అప్పటినుంచి అది మా వసారాలో వేలాడుతూనే ఉంది. చిన్న గుండ్రాయికి సన్నని పురికొస కట్టి మేకుకు వేలాడదీయండి. మేకు నుంచి రాయి నడిమధ్యకు 99 సెంటీమీటర్లు, ఇంకో నాలుగైదు మిల్లీమీటర్లు ఉండాలి. జానెడు దూరం లాగి వదిలితే ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్ళే ప్రతి ఊపుకూ ఒక సెకను పడుతుంది. రాయి బరువెంతైనా ఫరవాలేదు, పొడవే ముఖ్యం. ఊపు మెల్లగా చిన్నదవుతుంది గానీ దానికి పట్టే సమయం మారదు. గోడ గడియారంతో ఒక నిమిషం సరిచూసుకోండి. అరవైకి బదులు అరవై ఒక్క ఊపులొస్తే తాడు పొట్టిగా ఉన్నట్టు, మూడు సెంటీమీటర్ల పైచిలుకు పెంచాలి. బార్‌కి ఎదురుగా వేలాడదీస్తే వేలాడుతూనే లెక్కపెట్టుకోవచ్చు.

నాలుగో అడుగు: నోటి లెక్క

ఏ పరికరమూ లేనప్పుడు నోరే మిగులుతుంది. నోటి లెక్కలో రెండు మోసాలున్నాయి. మొదటిది అందరికీ తెలిసిందే, అలుపొచ్చేకొద్దీ లెక్క పరుగెడుతుంది. రెండోది మా ఊళ్ళో రోజూ కనిపిస్తుంది. ఇక్కడ ఒక పిల్లాడు తెలుగులో లెక్కపెడతాడు, పక్కవాడు ఒడియాలో. "ఎకొ, దుయి, తిని, చారి" అనేవాడికి ఆరు వచ్చేసరికి "ఛొ", తొమ్మిదికి "నొ", ఒక్కో అక్షరంతో దాటేస్తాడు. తెలుగువాడు "తొమ్మిది" అనాలి. ఇక తెలుగులోనే చూడండి, పది లోపు రెండు నుంచి నాలుగు అక్షరాలతో అయిపోతుంది. ఇరవై దాటాక "ఇరవై నాలుగు" అనాలంటే ఆరు అక్షరాలు. ఒకే లెక్కలో మొదటి పదీ పొట్టివి, మూడో పదీ పొడుగువి. అవి సెకన్లెలా అవుతాయి?

దీనికి విరుగుడు నూటొకటి నుంచి లెక్కపెట్టడం. "నూటొకటి, నూటరెండు, నూటమూడు" అంటూ తొందరపడకుండా, స్పష్టంగా పలికితే ఒక్కోదానికి ఇంచుమించు సెకను పడుతుంది. నూటపది రాగానే మళ్ళీ నూటొకటికి రండి. పదులు ఎన్నయ్యాయో పక్కవాడు వేళ్ళు ముడిచి చూసుకుంటాడు. మీ పలుకుబడి వేగం మీదే కాబట్టి ముందు కూర్చుని, గడియారం పెట్టుకుని ముప్పై లెక్కపెట్టి చూడండి. ఎంత ఎక్కువొచ్చిందో, తక్కువొచ్చిందో తెలుసుకోండి. అలిసిపోయి ఉన్నప్పుడు మళ్ళీ ఓసారి చూడండి. రెండో సంఖ్యే మీ అసలు వేగం.

బయటికి లెక్కపెట్టడంలో ఇంకో మేలుంది. మాట్లాడుతున్నవాడు ఊపిరి బిగబట్టలేడు. కదలని పట్టులో రక్తపోటు పెరుగుతుంది, ఊపిరి బిగబడితే ఇంకా పెరుగుతుంది. బీపీ, గుండెజబ్బు, హెర్నియా ఉన్నవాళ్ళు, గర్భిణులు వైద్యుణ్ణి అడిగాకే ఈ కసరత్తులకు దిగాలి. ఇది మొక్కుబడిగా చెప్పే మాట కాదు. తల దిమ్మెక్కినా, కళ్ళు చీకట్లు కమ్మినా ఆ క్షణమే వదిలెయ్యండి.

ఐదో అడుగు: వీడియోతో సరిచూడడం

వారానికోసారి చాలు. ఫోన్‌ను సరిగ్గా పక్క నుంచి, నడుము ఎత్తులో, మూడు మీటర్ల దూరంలో పెట్టండి. పై నుంచి తీస్తే వాలిన నడుము కూడా తిన్నగా కనిపిస్తుంది. మామూలు ఫోన్ వీడియోలో సెకనుకు 30 బొమ్మలుంటాయి, అంటే ఒక్కో బొమ్మ సెకనులో ముప్పయ్యో వంతు. చేతి గడియారం పావు సెకను తేడాతో పోలిస్తే ఇది చాలా నయం. దారం, కర్ర కూడా ఫ్రేములో పడాలి. బొమ్మ బొమ్మగా జరుపుతూ మొదలు ఎక్కడ, ముగింపు ఎక్కడ అని చూడండి. మొదటిసారి చూసుకున్నప్పుడు మనసు చివుక్కుమంటుంది. అది మంచిదే.

ఆరో అడుగు: పరీక్ష, పుస్తకం

గరిష్ఠ పట్టు ఎంతో తెలుసుకునే పరీక్ష నాలుగు వారాలకోసారి పెట్టుకోండి. రోజూ పెట్టుకుంటే అది శిక్షణ కాదు, పందెం. మణికట్లు, భుజాలు వేడెక్కాక రెండు ప్రయత్నాలు, మధ్యలో ఐదు నిమిషాల విశ్రాంతి. రెండింట్లో మంచిది రాయండి. పదో వంతులు వదిలేసి కింది సెకను రాయండి, 17.8 వస్తే 17 అనే. అప్పుడు పుస్తకంలో ఉన్నది ఎప్పుడూ మీరు నిజంగా చేసిందే అవుతుంది.

సంఖ్య పక్కనే పరిస్థితులు కూడా రాయాలి. ఏ బార్, పొద్దుటా సాయంత్రమా, ముందు పరుగెత్తారా, చేతులకు సుద్దపొడి రాసుకున్నారా అన్నీ. గోపాల్‌పూర్ వైపు నుంచి వచ్చే సముద్రపు గాలికి మా దగ్గర ఇనుప బార్ తెల్లవారి చెమర్చి ఉంటుంది. తుడవని బార్ మీద వేలాడిన రోజుకూ తుడిచిన రోజుకూ ఎంతో తేడా కనిపిస్తుంది. అది రాయకపోతే బలం తగ్గిందని బెంగపెట్టుకుంటారు.

ఏడో అడుగు: ఆ సంఖ్యతో ఏం చెయ్యాలి

కసరత్తు చేసేవాళ్ళలో బాగా వాడుకలో ఉన్న లెక్క ఒకటుంది. గరిష్ఠంలో సగం సమయం చొప్పున, మొత్తం అరవై సెకన్లు వచ్చేదాకా సెట్లు. మధ్యలో విశ్రాంతి నిమిషంన్నర నుంచి మూడు నిమిషాలు, అది కూడా గడియారంతోనే. విశ్రాంతి అటూ ఇటూ అయితే పట్టు సెకన్లు ఎంత కచ్చితంగా కొలిచినా ప్రయోజనం లేదు.

మా మేనల్లుడి సంఖ్యతోనే చూడండి. ముప్పై అనుకుని ఉంటే సగం పదిహేను, నాలుగు సెట్లు. కానీ వాడి అసలు గరిష్ఠం పదిహేడు. అంటే ప్రతి సెట్టూ దాదాపు గరిష్ఠమే. రెండో సెట్టుకే భంగిమ చెదిరి, మిగతావి భుజాలు ముడుచుకుని, మణికట్ల మీద ఈడ్చడమే అయ్యేది. నిజానికి వాడు అదే చేస్తున్నాడు. అందుకే నెల్లాళ్ళుగా మణికట్లు నొప్పి అంటున్నాడు. పదిహేడులో సగం ఎనిమిదిన్నర, కిందికి ఎనిమిది. ఎనిమిది సెకన్లవి ఏడు సెట్లు చేస్తే యాభై ఆరు, అది చాలు. ప్రతి సెట్టులోనూ మడమలు దారం పైనే ఉంటాయి.

గరిష్ఠం ఐదు సెకన్లు కూడా రాకపోతే ఆ పట్టు ఇంకా మీది కాదు. ఒక మెట్టు దిగండి. ఎల్-సిట్‌కు బదులు మోకాళ్ళు ముడిచి, ఫ్రంట్ లివర్‌కు బదులు కాళ్ళు పొట్టలోకి ముడుచుకుని చెయ్యండి. రెండో వైపు కూడా ఇదే మాట. ప్లాంక్‌లో 2023లో చెక్ దేశస్థుడు యోసెఫ్ షాలెక్ తొమ్మిదిన్నర గంటలకు పైగా నిలిచాడు. అది ఓర్పుకు సంబంధించిన గొప్ప సాధన. బలం కోసం చేసేవాళ్ళు మాత్రం ప్లాంక్ నిమిషం శుభ్రంగా నిలిచాక సెకన్లు పెంచుకుంటూ పోవడంకన్నా కష్టమైన రూపానికి మారడమే మేలని నా అభిప్రాయం. మోచేతులను తలకన్నా ముందుకు జరపండి, లేదా ఒక కాలు ఎత్తండి. సంఖ్య మళ్ళీ చిన్నదవుతుంది, కొత్త హద్దులు రాసుకోవాల్సి వస్తుంది.

మా మేనల్లుడు పుస్తకంలో 30 కొట్టేసి, పక్కన 17 అని రాసుకున్నాడు. ఆ రోజు సాయంత్రం తాలింఖానాకు రాలేదు. మర్నాడు దారం ఉండ పట్టుకుని వచ్చాడు. నాలుగు వారాల తర్వాత అవే కుర్చీలు, అదే దారం, అదే కాపరి. మొదటి ప్రయత్నం 21, రెండోది 22. మణికట్ల నొప్పి గురించి అడిగితే కాసేపు ఆలోచించి, ఎప్పుడు పోయిందో గమనించలేదన్నాడు. ఇప్పుడు పదకొండు సెకన్లవి ఐదు సెట్లు చేస్తున్నాడు.